మూడో సిలిండరు

ఆర్‌సీ పుస్తకంలో ఉన్న ఇంజిన్ నంబరు, బ్లాకు పక్కన గుద్ది ఉన్న నంబరు ఒకటి కావు. రెండూ 692డి అనే మొదలవుతాయి. ఆ తర్వాతి అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు.

లారీ మా పెదనాన్నది. టాటా 1210. మొదటి రిజిస్ట్రేషన్ 1974లో, మూడక్షరాల పాత నంబరు మీద. పెదనాన్న దాన్ని 1976లో మరొకరి దగ్గర కొన్నాడు. 1994లో రోడ్డు మీద తిప్పడం మానేశాడు. అప్పటి నుంచి అది పశువుల పాక పక్కన రేకుల షెడ్డులో ఉంది. ఊరు కృష్ణా జిల్లాలో, పాత దివి తాలూకాకు పొరుగున.

ఈ ఇంజిన్ గురించి ఇంట్లో ఒక కథ ఉంది. అందులో మూడు మాటలు. ఇది కంపెనీ నుంచి బండితో వచ్చిన ఇంజిన్. 1977 నవంబరు ఉప్పెనలో ఉప్పునీళ్లలో మునిగింది. ఆ నీళ్లకు మూడో సిలిండరు దెబ్బతింటే పెరట్లోనే విప్పి బాగుచేశారు, ఆ ఒక్కసారి తప్ప దాని మీద పానా పడలేదు. ఇంట్లో ఎవరిని అడిగినా ఈ మూడు మాటలూ ఇదే వరసలో చెబుతారు.

ఇంజిన్ను ఇంటి దగ్గరే విప్పి మళ్లీ కట్టాలని అనుకున్నాక ఈ కథ నిజమో కాదో తేల్చుకోవాల్సి వచ్చింది. కొలత తెలియకుండా సామాను కొనలేం. ఇదివరకు బోరు ఎంత కోశారో, క్రాంకు ఎంత గ్రైండింగ్ చేశారో తెలిస్తేనే ఇంకా ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి మానేసిన ఒక మేస్త్రి సాయానికి వచ్చాడు. కథ వినగానే ఆయన ఒకే మాట అన్నాడు. "ఉప్పునీళ్లు తాగిన ఇనుము దాచుకోలేదు బాబూ. విప్పి చూద్దాం."

ముందు నంబరు సంగతి. ఆర్‌సీలో ఉన్నది గుమాస్తా చేతిరాత. పైగా అది డూప్లికేట్ పుస్తకం, పాతది పోతే తీసుకున్నది. ఎత్తిరాసేటప్పుడు అంకె తప్పిపోయిందేమో అన్నది మొదటి అనుమానం. ఒక అంకె తప్పితే గుమాస్తా పొరపాటు అనుకోవచ్చు. అంకెలన్నీ వేరైనప్పుడు అలా అనుకోవడానికి లేదు. అయినా ఊహతో పని లేకుండా తేల్చే కాగితం ఒకటి దొరికింది. 1976లో బండి పేరు మార్చినప్పటి కాగితాల్లో పెన్సిల్ ముద్ర ఉంది. నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే ఇనుము మీద అంకెలు కాగితం మీదికి దిగుతాయి. మధ్యలో ఏ గుమాస్తా చెయ్యీ ఉండదు. ఆ ముద్రలో ఉన్నది ఆర్‌సీలోని నంబరే. అంటే 1976లో ఈ లారీలో ఉన్న ఇంజిన్ ఇది కాదు.

బ్లాకు అదే అయినా, మీది నంబరు చెరిపి మళ్లీ గుద్ది ఉండొచ్చు కదా. ఆ అనుమానాన్నీ వదల్లేదు. నంబరు చుట్టూ పెయింటు, గ్రీజు గీకి, కిరసనాయిలుతో తుడిచి, భూతద్దంతో చూశాం. మిల్లింగ్ మిషను వదిలిన సన్న గీతలు ఒక అంచు నుంచి మరో అంచు దాకా తెగకుండా ఉన్నాయి. అంకెలు ఆ గీతల మీద పడ్డాయి. ఆకురాయి పెట్టిన జాడ లేదు, ఎక్కడా పల్లం లేదు, అంకెల లోతులో తేడా లేదు. చెరిపి గుద్దిన నంబరు ఇలా ఉండదు. నంబరు బ్లాకుతో పుట్టిందే. మారింది బ్లాకు.

ఎప్పుడు మారిందో చెప్పడానికి ఇంకో పెన్సిల్ ముద్ర ఉంది. 1985 మార్చిలో పెదనాన్న బండి మీద ఫైనాన్స్ తీసుకున్నాడు. ఆ ఒప్పందం కాగితంలో పైన టైపు చేసిన ఇంజిన్ నంబరు ఆర్‌సీలోది. కింద అంటించిన పెన్సిల్ ముద్ర ఇప్పటి బ్లాకుది. ఒకే కాగితం మీద జానెడు దూరంలో రెండు వేర్వేరు నంబర్లు. కింద రెండు సంతకాలు. అప్పుడు ఎవరైనా రెంటినీ పోల్చి చూశారా, చూసి ఊరుకున్నారా అన్నది కాగితం చెప్పదు. అది చెప్పేది ఒక్కటే. 1976కీ 1985కీ మధ్య ఇంజిన్ మారింది.

కథలో మొదటి మాట పోయింది. రెండో మాటకు వెళ్లే ముందు రెండు పక్కదారులు మూసెయ్యాలి, ఎందుకంటే రెండూ సామాను కొనేటప్పుడు మనల్ని తప్పు దుకాణానికి పంపేవే.

ఒకటి, 'బెంజి ఇంజిన్' అన్న పేరు. మా వైపు పాతవాళ్లు టాటా లారీని ఇప్పటికీ బెంజి లారీ అనే అంటారు. ఆ పేరుకు ఆధారం లేకపోలేదు. టాటా వాళ్లకు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో 1954లో కుదిరిన ఒప్పందం 1969 దాకా నడిచింది. ఆ రోజుల ఎల్-312 లారీలో ఉన్నది ఓఎం 312 ఇంజిన్. దాని బోరు 90 మిల్లీమీటర్లు, స్ట్రోకు 120. మార్చి పెట్టిన బ్లాకు ఆ కాలం నాటిదేమోనని చూశాం. స్ట్రోకు కొలిస్తే 120 వచ్చింది. ఇది ఏమీ తేల్చదు, 692కి కూడా స్ట్రోకు 120యే. తేల్చింది నంబరు. 692 అన్న అంకెల్లోనే కొలత ఉంది. ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు. బ్లాకు మీద 692 ఉన్నంతవరకు అది 312 కాదు.

రెండోది, ఇది 697 అన్న మాట. పక్క ఊరి మెకానిక్ ఒకాయన హెడ్డు తీసిన బ్లాకును చూసి, బోరు పెద్దదిగా ఉంది కాబట్టి 697 అన్నాడు. కంటితో చెప్పిన మాట. 697 అంటే 97 మిల్లీమీటర్ల బోరు, 128 స్ట్రోకు, మొత్తం 5,675 సీసీ. మన స్ట్రోకు 120. ఎనిమిది మిల్లీమీటర్ల తేడా అరుగుదల వల్ల రాదు. క్రాంకు వేరైతే తప్ప స్ట్రోకు మారదు. 697ను పక్కన పెట్టేశాం.

అయితే ఆయన కన్ను పూర్తిగా తప్పు చూడలేదు. బోరు నిజంగానే పెద్దది. దీన్ని కొలవడంలో ఒక కిటుకు ఉంది. సిలిండరు గోడ అన్నిచోట్లా ఒకేలా అరగదు. పై రింగు వెనక్కి తిరిగే చోట అరుగుదల ఎక్కువ. దానికి పైన రింగు చేరని కాస్త గోడ అరక్కుండా అంచుగా మిగిలిపోతుంది. మెకానిక్ గోరు పెట్టి పైకి లాగితే ఆ మెట్టు తగులుతుంది. మెట్టు కింద కొలిస్తే ఇంజిన్ ఎంత తిరిగిందో తెలుస్తుంది. మెట్టు పైన కొలిస్తే చివరిసారి బోరు చేసినవాడు ఎంత కోశాడో తెలుస్తుంది. మాకు రెండూ కావాలి.

ఒకటి, రెండు, నాలుగు, అయిదు, ఆరు సిలిండర్లలో మెట్టు పైన కొలత 93.00. మెట్టు కింద 93.30 దాటింది. మూడో సిలిండరులో మెట్టు పైన 92.00. మెట్టు కింద 92.10. డయల్ గేజిని మైక్రోమీటరుతో సరిచూసుకుని మళ్లీ కొలిచాం. అంకెలు మారలేదు.

పిస్టన్లు బయటికి తీస్తే అవీ అదే మాట చెప్పాయి. మసి గోకాక అయిదు పిస్టన్ల నెత్తిన 1.00 అని ఉంది. మూడోదాని మీద ఎస్‌టీడీ, అంటే కోత పెట్టని అసలు కొలత. మూడో సిలిండరు లైనరు అంచు చుట్టూ గీత స్పష్టంగా కనిపిస్తుంది. మిగతావాటి దగ్గర అంత స్పష్టంగా లేదు. అయిదు సిలిండర్లు ఒక మిల్లీమీటరు పెద్ద బోరుతో, ఒక్కటి మాత్రం కొత్త స్లీవుతో అసలు కొలతలో నడిచిన ఇంజిన్ ఇది. మామూలుగా అయితే స్లీవు వేసి దాన్ని కూడా 93కే బోరు చేసి ఆరింటినీ సమానం చేస్తారు. ఇక్కడ అలా చెయ్యలేదు. దానివల్ల మూడో సిలిండరు మిగతావాటి కంటే రెండు శాతం తక్కువ గాలి పీలుస్తుంది. నడపడానికి అది అడ్డం కాదు. మేస్త్రికి మాత్రం నచ్చలేదు. "ఇది పుస్తకంలో పని కాదు," అన్నాడు.

ఈ అంకెలు ఒక వరసను తేలుస్తాయి. అయిదు సిలిండర్లు 0.30 అరిగాయి. మూడోది 0.10. కాబట్టి మూడోదానికి స్లీవు వేసింది మిగతావాటిని బోరు చేసిన తర్వాతే. ఇంజిన్ కనీసం రెండుసార్లు విప్పారు. ఒకసారి ఆరింటికీ, తర్వాత ఎప్పుడో మూడోదాని కోసం. ఒక్కసారే పానా పడిందన్న మాట నిలవదు.

ఇక ఉప్పెన. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమను ముంచిన ఆ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారని లెక్క. ఆ రోజు గురించి మా ఇంట్లో ఎవరికీ సందేహం లేదు, నాకూ లేదు. ప్రశ్న ఇంజిన్ గురించే.

మొదట కనిపించిన సాక్ష్యం ఉప్పెన వైపే మొగ్గింది. బ్లాకు పక్కన నీటి మూతలు ఊడదీస్తే లోపల తెల్లటి పొర గట్టిగా పట్టుకుని ఉంది. చూడ్డానికి వచ్చిన వాళ్లంతా అదే ఉప్పు అన్నారు. ఉప్పయితే నీళ్లలో కరగాలి. ఒక పెచ్చు ఊడదీసి గ్లాసుడు వేడినీళ్లలో వేస్తే మర్నాటికీ అలాగే ఉంది. దాని మీద నిమ్మరసం పిండితే బుసబుసా పొంగింది. అది సున్నపు పొర. రేడియేటరులో ఏళ్ల తరబడి బోరింగు నీళ్లు పోస్తే ఏ ఇంజిన్లో అయినా పట్టేదే. దానికీ సముద్రానికీ సంబంధం లేదు.

మూడో సిలిండరు ఒక్కటే ఉప్పునీళ్లకు చెడిందన్న మాట కూడా నిలబడలేదు. ఆరు సిలిండర్ల వరస ఇంజిన్లో పిస్టన్లు జతలుగా కదులుతాయి. ఒకటీ ఆరూ, రెండూ అయిదూ, మూడూ నాలుగూ. ఆగి ఉన్న ఇంజిన్లో ఏ జత ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి కొన్ని సిలిండర్లలో వాల్వులు మూసి ఉంటాయి, కొన్నింట్లో ఏదో ఒకటి తెరిచి ఉంటుంది. వాల్వులు ఎంతసేపు తెరుచుకుని ఉంటాయో లెక్కేస్తే, ఇంజిన్ ఏ క్షణంలో ఆగినా ఆరింట్లో కనీసం మూడింట్లో దారి తెరిచే ఉంటుంది. ఇంజిన్ మొత్తం మునిగితే నీళ్లు ఒక్క సిలిండరునే వెతుక్కుంటూ పోవు.

సిలిండరు గోడల మీద మాత్రం ఈ సాక్ష్యం వెతకలేదు. బోరు చేస్తే పాత గుంటలు కోతలో పోతాయి, స్లీవు వేస్తే కప్పబడిపోతాయి. ఏ మిషనూ తాకని చోట్లు చూడాలి. క్రాంకు రెక్కల పక్కలు, కనెక్టింగ్ రాడ్ల నడుములు, క్యామ్ షాఫ్టులో నొక్కుల మధ్య భాగం, టైమింగ్ గేర్ల వెనక ముఖం, ట్యాపెట్ల గది మూలలు. ఇనుమును ఉప్పునీళ్లు తింటే పడే గుంటలు కడిగినా పోవు, గీకినా పోవు. డీజిల్‌తో కడిగి, ఎండలో పెట్టి, ఒక్కొక్కటీ తిప్పి చూశాం. ఆయిల్ మరక తప్ప ఏమీ లేదు. క్రాంకు రెక్క మీద తయారీ నాటి గరుకు ఇంకా వేలికి తగులుతోంది. ఈ ఇంజిన్ ఉప్పునీళ్లలో మునగలేదు.

దీంతో రెండో ప్రశ్న అయిపోలేదు. ఈ బ్లాకు తర్వాత వచ్చింది కాబట్టి, మునిగింది ముందున్న ఇంజిన్ కావచ్చు. బండి మునిగిందా లేదా అన్నది వేరుగా తేలాలి. దానికి ఇనుము పనికిరాదు, కాగితమే దిక్కు.

పెదనాన్న జమాఖర్చు పుస్తకాల్లో 1976 నుంచి 1986 దాకా ఉన్నవి దొరికాయి. తర్వాతివి చెదలు తిన్నాయి. ఆయన ఇంగ్లీషు తేదీలు వెయ్యలేదు. సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి. ఏ పుటకు ఏ తేదీయో తెలుసుకోవడానికి పాత పంచాంగాలు పక్కన పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. 1977 నవంబరు పింగళ నామ సంవత్సరం కార్తిక మాసంలో పడుతుంది. పంతొమ్మిదో తేదీ శుద్ధ పక్షం. ఆ పక్షంలో ఉన్న ఖర్చు మద్రాసు కిరాయికి డ్రైవరు, క్లీనరు బత్తా, దారి డీజిల్. ఊళ్లో బండి ఉన్నట్టు చెప్పే పద్దు ఒక్కటీ లేదు.

ఒక పుస్తకం సరిపోదు. అదే పుస్తకం అట్టలో మడిచి పెట్టిన చీటీలు రెండు ఉన్నాయి. రెండూ రాష్ట్ర సరిహద్దులోని తడ చెక్‌పోస్టువి, ఇదే లారీ నంబరు. ఒకటి నవంబరు 18న బయటికి పోయినట్టు, ఇంకొకటి 24న లోపలికి వచ్చినట్టు. ముద్రలోని తేదీ, చేత్తో రాసిన తేదీ కలుస్తున్నాయి. లెక్కలు రాసింది పెదనాన్న. చీటీ రాసింది ఆయన ముఖం చూడని మనిషి. రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ఉప్పెన వచ్చిన రోజున ఈ లారీ తడకు దక్షిణాన ఉంది.

మరి కథకు మొదలేదీ లేదా అంటే, పుస్తకంలో ఇంకా కొన్ని పద్దులు ఉన్నాయి. కార్తిక బహుళం నుంచి మార్గశిరం దాకా అవనిగడ్డ, నాగాయలంక పేర్లు వరసగా వస్తాయి. బియ్యం, బట్టలు, వెదురు, తాటాకు. కిరాయి గడి ఖాళీ. పెద్దమ్మకు ఆ రోజులు గుర్తున్నాయి. బండి ఫుట్‌బోర్డు దాకా ఉప్పుబురదతో వచ్చేదని, డ్రైవరు చెరువుగట్టున కడిగేవాడని చెప్పింది. ఆవిడ చెప్పిన దాంట్లో దేనికీ కాగితం అడ్డం రాదు. బురదలో తిరిగింది ఈ లారీయే. మునిగిందని ఆవిడ అనలేదు. నేను మళ్లీ అడిగాను. "మునిగిందని మీ పెదనాన్న ఎప్పుడూ నాతో అనలేదురా," అంది. ఆ మాట ఎవరు ఎప్పుడు కలిపారో నేను వెతకలేదు.

బ్లాకు మారిన సంగతి అవే పుస్తకాల్లో తేలింది. దుర్మతి నామ సంవత్సరం వైశాఖంలో, అంటే 1981 మే నెలలో, ఒక పద్దు. బండి ఇంజిన్ మార్పు, ఆటోనగర్, నాలుగంకెల సొమ్ము. కింది పంక్తిలో పాతది ఇచ్చినందుకు మినహాయింపు. విజయవాడ ఆటోనగర్ 1960లలో మొదలైంది. 1981కి అక్కడ పాత ఇంజిన్ ఇచ్చి బాగుచేసిన ఇంజిన్ తెచ్చుకోవడం మామూలు బేరం. దుకాణం పేరు పద్దులో లేదు. పెదనాన్నకు ఇంకో లారీ ఉందేమో, పద్దు దానిదేమో అని కూడా చూశాను. పదేళ్ల కిరాయిలన్నీ ఒకే నంబరు కింద ఉన్నాయి. 1976 తర్వాత 1986 లోపు ఇంజిన్ మార్పు అన్న పద్దు ఇదొక్కటే. ఆర్‌సీలో ఎందుకు ఎక్కించలేదో పుస్తకంలో లేదు.

అయిదు సిలిండర్ల బోరు ఎప్పటిదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. 1981 నుంచి పుస్తకాలు అయిపోయేదాకా పిస్టన్ల సెట్టు కొన్న పద్దు లేదు, బోరింగ్ కూలి లేదు. ఇంజిన్ 93కి బోరు చేసి ఉండగానే ఇంటికి వచ్చింది. దుకాణంలో అది ఎన్నిసార్లు కోత తిన్నదో మనకు అక్కర్లేదు. ఒక మిల్లీమీటరు దాకా వెళ్లిందన్నదే కావాలి, ఎందుకంటే ఈ ఇంజిన్‌కు మాకు దొరికిన పెద్ద పిస్టన్ అదే.

మిగిలింది మూడో సిలిండరు. దీనికి ఒక బిల్లు ఉంది, టూల్ బాక్సు అడుగున, గ్రీజు పట్టి. స్లీవు ఒకటి, పిస్టన్ ఒకటి, రింగులు ఒక సెట్టు, కనెక్టింగ్ రాడ్డు ఒకటి, వాల్వు ఒకటి, బోరింగ్ కూలి. చివరి పంక్తి, మిషను తీసుకొచ్చిన ఆటో కిరాయి. లారీ నంబరు ఉంది. తేదీ 14/6, పక్కన శుక్ర. సంవత్సరం లేదు.

సంవత్సరం లేని బిల్లు ఎందుకూ పనికిరాదని మొదట పక్కన పడేశాను. వారం ఉందని తర్వాత గమనించాను. 1981కీ 1994కీ మధ్య జూన్ 14 శుక్రవారం అయింది రెండుసార్లే, 1985లో, 1991లో. 1985 జూన్ క్రోధన నామ సంవత్సరం జ్యేష్ఠంలోకి వస్తుంది. పుస్తకం తీసి చూస్తే ఆ బహుళ పక్షంలో బండి నాగపూర్ కిరాయిలో ఉంది. పోయిన రోజు, వచ్చిన రోజు, దారిలో టైరు పంచరు, అన్నీ రాసి ఉన్నాయి. నాగపూర్ దారిలో ఉన్న లారీకి మన పెరట్లో స్లీవు వెయ్యలేరు. కాబట్టి 1991.

1991కి లెక్కల పుస్తకం లేదు. పన్ను కాగితాలు ఉన్నాయి. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా బండి తిరగడం లేదని ఆర్టీవో ఆఫీసుకు ఇచ్చిన స్టాపేజి రిపోర్టు నకలు అందులో ఉంది. ఇంజిన్ చెడి ఆపారా, ఆపి ఉన్నప్పుడు ఇంజిన్ పని చేయించారా అన్నది ఆ కాగితం చెప్పదు. తేదీకి మాత్రం సరిపోతుంది. మూడో గోడ 0.10, మిగతావి 0.30 అరిగాయన్న కొలత కూడా దీనికి విరోధం కాదు. మూడోది మూడేళ్లు తిరిగింది, మిగతావి పదమూడేళ్లు. అరుగుదల కేలండరు ప్రకారం నడవదు కాబట్టి దీన్ని సాక్ష్యం అనను. అడ్డం రాదు, అంతే.

ఆటో కిరాయి పంక్తి వల్ల ఇంటి కథలో ఒక ముక్క నిలబడింది. ఆటోలో తెచ్చేది బ్లాకు మీద బిగించి వాడే బోరింగ్ బారు. అంటే ఇంజిన్ను ఆటోనగర్ తీసుకెళ్లలేదు, మిషనే పెరట్లోకి వచ్చింది. దీన్ని బేరింగులతో సరిచూశాం. మెయిన్ బేరింగులన్నీ ఒకే తయారీవి, వీపున 0.50 అని ఉంది. రాడ్ బేరింగుల్లో అయిదు అదే తయారీవి. మూడోది వేరే తయారీది, కొలత మాత్రం 0.50యే. క్రాంకు దించి ఉంటే కనీసం మెయిన్లు మార్చేవారు. దించలేదు. కింద ఆయిల్ ఛాంబర్ ఊడదీసి, పైన హెడ్డు తీసి, మూడో పిస్టన్ ఒక్కటే లాగారు. పెరట్లో విప్పారన్నది నిజం, ఉప్పెనకు పదమూడున్నరేళ్ల తర్వాత.

అసలు మూడోదానికి ఏమైంది? బిల్లులో ఉన్న వరసే దారి చూపింది. నీళ్ల వల్ల గోడ చెడితే స్లీవు, పిస్టన్, రింగులు కావాలి. రాడ్డు ఎందుకు, వాల్వు ఎందుకు? హెడ్డు తిరగేసి మూడో సిలిండరు మీదుండే భాగం చూశాం. మసి కింద ఇనుమంతా సన్నటి సొట్టలు. కొన్ని నెలవంకలా వంగి ఉన్నాయి, అన్నీ ఆ సిలిండరు గుండ్రం లోపలే. పక్క సిలిండర్ల మీద ఒక్కటీ లేదు. గట్టి ముక్క ఏదో పిస్టన్‌కూ హెడ్డుకూ మధ్య పడి నలిగిందనడానికి ఇంతకంటే గుర్తు ఉండదు. మూడోదాని ఎగ్జాస్ట్ వాల్వు మిగతా అయిదు ఎగ్జాస్ట్ వాల్వుల జత కాదు, కాడ చివర గుర్తు వేరు. రాడ్డు కూడా అంతే. మిగతా రాడ్ల మీద, వాటి క్యాపుల మీద నంబర్లు గుద్ది ఉన్నాయి. మూడోదాని మీద సెంటర్ పంచ్‌తో పెట్టిన మూడు చుక్కలు.

వాల్వు తల తెగి సిలిండరులో పడింది. పిస్టన్ దాన్ని హెడ్డుకేసి కొట్టింది. పిస్టన్ పగిలింది, గోడ గీరుకుపోయింది, రాడ్డు వంగింది, లేదా వంగిందేమోనని మార్చారు. బిల్లులోని ప్రతి వస్తువుకూ, హెడ్డు మీద ప్రతి సొట్టకూ ఈ ఒక్క సంఘటన జవాబు చెబుతుంది. ఉప్పునీళ్లు వీటిలో సగానికి కూడా చెప్పలేవు. వాల్వు ఎందుకు తెగిందో చెప్పే ముక్క మిగల్లేదు.

ఇంత తేలాక సామాను పట్టీ రాయడం పెద్ద పని కాలేదు. అయిదు గోడలూ చివరి కొలత దాటిపోయాయి కాబట్టి వాటిని ఇక కొయ్యలేం. బ్లాకును ఈసారి ఆటోనగర్‌కు తీసుకెళ్లి ఆరింటికీ కొత్త లైనర్లు వేయించి, ఆరింటినీ 92కే బోరు చేయించాం. పిస్టన్లు ఆరూ ఒకే తయారీవి, తూకం చూసి తీసుకున్నవి. క్రాంకు పిన్నులు గుండ్రం తప్పాయి. 0.75కి గ్రైండింగ్ చేయించి దానికి తగ్గ బేరింగులు కొన్నాం. ఇంకో కోతకు 1.00 మిగిలి ఉంది. నీటి గదుల్లో సున్నం తీయడానికి పట్టినంత సేపు మరే పనికీ పట్టలేదు.

కట్టడం షెడ్డులోనే, చైన్ పుల్లీ కింద. ప్రతి బేరింగు క్యాపూ దాని నంబరు చూసి దాని చోటనే పెట్టాం. రింగుల మూతులు ఒకదాని కింద ఒకటి రాకుండా తిప్పాం. హెడ్డు నట్లు మధ్య నుంచి అంచులకు, ఒక్కసారి కాకుండా విడతలుగా బిగించాం. హెడ్డు సొట్టలను సర్ఫేసింగ్‌లో పూర్తిగా తీసేయమని దుకాణంలో అడిగారు. అంత లోతు తీస్తే హెడ్డు మందం తగ్గుతుందని మేస్త్రి ఒప్పుకోలేదు. అంచులు మాత్రం నునుపు చేయించాడు. మూడోదాని ఎగ్జాస్ట్ వాల్వుతో పాటు పన్నెండు వాల్వులూ కొత్తవి వేశాం.

మూడు చుక్కల రాడ్డు మార్చాలా వద్దా అన్న దగ్గర కాస్త వాదన జరిగింది. వంకర ఉందేమో అలైన్‌మెంట్ మిషను మీద పెట్టి చూపించాం. లేదు. తూకం వేస్తే మిగతావాటికి కొద్ది గ్రాముల తేడా, అదీ మేస్త్రి ఒప్పుకునేంత. దాన్నే మళ్లీ వేశాం.